ఫొటో మూలన ఉన్న పేరు ఎవరిది?

రాత్రి రెండు దాటింది. నాంపల్లి స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఫంక్షన్ హాలు. కింద భోజనాల బల్లలు కడుగుతున్నారు. పైన మండపంలో పురోహితుడు కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటున్నాడు. ముహూర్తం మూడూ నలభైకి. పెళ్లికూతురు గౌరీపూజలో కూర్చుంది. ఆ గది గుమ్మం దగ్గర నల్ల టీషర్టుల్లో నలుగురు కుర్రాళ్లు. ఒకడు గింబల్ సరిచూసుకుంటున్నాడు, ఇంకొకడు గోడ సాకెట్‌కు బ్యాటరీల ఛార్జర్ తగిలించి దానికి కాపలా కాస్తున్నాడు. నగల సంచి చంకలో ఇరికించుకుని పెళ్లికూతురి తల్లి బయటికొచ్చింది.

“బాబూ, మీ సార్ ఇంకా రాలేదేంటి?”

“సార్ ఇయ్యాల శంషాబాద్ దిక్కు ఇంకో పెండ్లిల ఉన్నడమ్మా. మేం సార్ టీమే.”

“ఆయన పేరు చూసే కదయ్యా మా అమ్మాయి పట్టుబట్టింది. ఆయన తీసిన ఫొటోలు నాకు ఫోన్లో ఎన్నిసార్లు చూపించిందో!”

ఆ కుర్రాడు కెమెరా బెల్టు సర్దుకుని, గొంతు తగ్గించి, “అమ్మా, ఆ ఫొటోలల్ల సగం నేను తీసినయే” అన్నాడు.

ఆమెకు ఏమనాలో తోచలేదు. లోపల్నుంచి “మేనమామను పిలవండమ్మా, బుట్ట తెచ్చారా?” అని కేక వినపడటంతో వెళ్లిపోయింది.

ఆమె అన్నదీ నిజమే, ఆ కుర్రాడు చెప్పిందీ నిజమే. ముహూర్తాలు గట్టిగా ఉన్న రోజున నగరంలో ఎన్నో హాళ్లలో ఇలాంటి మాటలు వినపడుతున్నాయి. పెళ్లి ఫొటోగ్రాఫర్ పేరే బ్రాండ్ అయిన కాలమిది. పేరు ఒకరిది, పని పదిమందిది. ఈ రెంటి మధ్య ఎంత నిజాయితీ ఉందన్న దాని మీదే ఈ వృత్తి పరువు ఆధారపడి ఉంది.

దేవుడి పేరు నుంచి సొంత పేరుకు

పాత బోర్డులు గుర్తుచేసుకోండి. ఇలవేల్పు పేరో, పెద్దకొడుకు పేరో పెట్టి పక్కన ‘ఫొటో స్టూడియో’ అని రాయించేవారు. యజమాని పేరు చాలామందికి తెలిసేదే కాదు, ‘స్టూడియో ఆయన’ అంటే సరిపోయేది. పాస్‌పోర్టు ఫొటోకు ఆయనే, పిల్లాడి మొదటి పుట్టినరోజుకు ఆయనే, పెళ్లికి ఆయనే. ఇంట్లో పెద్దాయన పోతే దండ వేయడానికి పాత గ్రూప్ ఫొటోలోంచి ముఖాన్ని విడదీసి పెద్దది చేసిచ్చేదీ ఆయనే.

రీలుకు 36 ఫొటోలు. అందుకే ఆచితూచి నొక్కేవారు. తాళి కట్టే ఘట్టానికి నాలుగు, తలంబ్రాలకు ఆరు, బంధువుల వరసలకు మిగతావి. వీడియో వచ్చాక తల మీద పెద్ద లైటు వెలిగింది. దాని వేడికి పెళ్లికూతురి బాసికం తడిసిపోయేది. క్యాసెట్‌లో సినిమా పాటలు మిక్సింగ్ చేసి, తామర పువ్వులోంచి వధూవరులు ప్రత్యక్షమయ్యేలా చేసేవారు. ఆ తర్వాత కరిజ్మా ఆల్బమ్‌లు వచ్చాయి. దళసరి పేజీలు, మెరుపులు, ఒక్కో ఆల్బమ్ మోయలేనంత బరువు. ఇంతవరకూ జనం కొన్నది వస్తువును. ఆల్బమ్ ఎన్ని పేజీలు, క్యాసెట్ ఎన్ని గంటలు అనే బేరం సాగేది.

‘క్యాండిడ్’ వచ్చాక బేరం స్వభావమే మారింది. కెమెరా వైపు చూడమని అడగకుండా, అమ్మాయి తండ్రి గోడ చాటున కళ్లు తుడుచుకునే క్షణాన్ని పట్టుకోవడం ఒక్కొక్కరికి ఒక్కో తీరులో వస్తుంది. అక్కడ చూపుకు విలువ వచ్చింది. చూపు మనిషిది కాబట్టి మనిషి పేరు ముందుకొచ్చింది. విరాట్ కోహ్లీ, అనుష్కా శర్మల పెళ్లి 2017 డిసెంబరులో ఇటలీలో జరిగినప్పుడు దేశమంతా ముందు పెళ్లికూతురి బట్టల గురించి మాట్లాడుకుంది, ఆ వెంటనే ఫొటోలు తీసిందెవరని ఆరా తీసింది. జోసెఫ్ రాధిక్ పేరు అలా ఇళ్లలోకి వచ్చింది. ఇప్పుడు డాలస్‌లో ఉన్న అబ్బాయి, గచ్చిబౌలిలో ఉన్న అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోగ్రాఫర్‌ను ఖాయం చేసుకున్నాకే పెద్దవాళ్లు హాలు వెతుకుతున్న ఇళ్లున్నాయి.

ఇది హైదరాబాద్‌కు కొత్త కాదు

సొంత పేరును బోర్డు మీదకెక్కించడం నిన్నమొన్నటి ఫ్యాషన్ అనుకుంటాం. కానీ ఈ ఊళ్లో ఆబిడ్స్ పేటకున్న పేరే ఒక దుకాణదారుడిది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మొత్తం పేటకు మిగిలింది.

అదే నిజాం కొలువులో ఇంకొకాయన ఉన్నారు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆయనే. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో ప్రజాపనుల శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ఉద్యోగంలో ఉండగానే కెమెరా పట్టారు. మొదట సెలవు పెట్టి ఊళ్లు తిరిగి ఫొటోలు తీశారు, చివరికి ఉద్యోగమే వదిలేశారు. ఐటీ ఉద్యోగం మానేసి పెళ్లిళ్లలోకి వచ్చిన మన కుర్రాళ్లలో చాలామంది నడిచిన దారే అది. 1880ల నడుమ సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచి నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు.

ఆయన ప్రింట్లు చూస్తే అడుగున రెండు సంగతులు కనపడతాయి. ఒకటి నెగెటివ్ నంబరు, రెండోది ఆయన పేరు. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏ నంబరు ఎవరిదో రాసుకునే రిజిస్టర్లు స్టూడియోలో ఉండేవి. ఫలానా ఫొటోకు ఇంకో కాపీ కావాలంటే నంబరు చెబితే చాలు. ఇవాళ బ్రాండ్ అనగానే లోగో, రంగులు, ఫాంట్ అంటున్నారు. దీన్‌దయాళ్ నిలబడింది ఆ రిజిస్టర్ మీద.

───────────────
రాజా దీన్‌దయాళ్: కొన్ని వివరాలు
▪ నిజాం ఇచ్చిన బిరుదు: రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్
▪ విక్టోరియా మహారాణి నుంచి రాయల్ వారంట్: 1897
▪ మరణం: 1905. కుమారుడు జ్ఞాన్‌చంద్ స్టూడియోను కొనసాగించారు
▪ తపాలా బిళ్ల: 2006
▪ ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది
───────────────

ఒక ముహూర్తం, అయిదు పెళ్లిళ్లు

దీన్‌దయాళ్ స్టూడియోలో కూడా చాలామంది పనిచేశారు. కొడుకులు తీశారు, సహాయకులు తీశారు. ఏ ఫొటో ఏ చేతిదో తేల్చడం కష్టమని ఆ చిత్రాల మీద పనిచేసిన పరిశోధకులే అంటారు. తర్వాతి కాలంలో సంస్థ పేరు ‘రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్’ అయింది. ఆ ‘అండ్ సన్స్’ అన్న మాటలో ఒక నిజాయితీ ఉంది. వచ్చేది నేనొక్కణ్నే కాదు అని బోర్డే చెబుతోంది.

ఇప్పటి చిక్కు ఇక్కడే. పంతుళ్లు అందరూ చూసేది ఇంచుమించు ఒకే పంచాంగం. మంచి లగ్నం ఉందంటే ఆ రాత్రే వేల పెళ్లిళ్లు. పేరు తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్‌కు ఒకే రాత్రికి అయిదు పిలుపులొస్తాయి. నాలుగు వద్దంటే మూఢంలో తినేదేంటని భయం. అయిదూ ఒప్పుకుంటే అయిదు టీములు పంపాలి. ఒప్పుకోవడం తప్పని నేననను. ఆ మాట ముందే చెప్పకపోవడం తప్పు. “సార్ వస్తారు కదా?” అని అమ్మాయి అడిగినప్పుడు “మనోళ్లే ఉంటరు మేడమ్, టెన్షన్ పడకండి” అనేది జవాబు కాదు.

రోజుకు ఇంతని తీసుకుని సెకండ్ షూటర్‌గా వెళ్లే కుర్రాళ్లది మరో బాధ. తీసిన ఫొటో వేరొకరి పేరుతో లక్షమందికి చేరుతుంది. అదే ఫొటోను తన పేజీలో పెట్టుకోవడానికి వాళ్లకు అనుమతి ఉండదు. అయిదేళ్లు పనిచేసినా చూపించుకోవడానికి ఏమీ మిగలదు. సినిమా టైటిల్స్‌లో లైట్‌బాయ్ పేరు కూడా వేస్తారు. పెళ్లి ఫొటో కింద తీసినవాడి పేరు రాస్తే స్టూడియో పేరుకు ఏం తరుగుతుంది? కొందరు పెద్ద స్టూడియోలవాళ్లు ఈ పని మొదలుపెట్టారు కూడా. మిగతావాళ్లూ చేయాలి.

ఆషాఢం వస్తే ఎవరి పెళ్లి?

నాంపల్లి పేట ఫొటోగ్రాఫర్‌కు మరెక్కడా దొరకని ఒక సౌకర్యం ఉంది. నాంపల్లి, ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ, బేగంబజార్ చుట్టూ నడిచి వెళ్లేంత దూరంలో తెలుగువాళ్లు, ముస్లింలు, మార్వాడీలు, గుజరాతీలు, కాయస్థులు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌లో పొద్దున పెళ్లి, నాంపల్లి హాల్లో రాత్రి వలీమా, తెల్లవారితే కల్యాణ మండపంలో జీలకర్ర బెల్లం. ఇవన్నీ తీయగలిగినవాడికి క్యాలెండర్‌లో ఖాళీలు తగ్గుతాయి.

మనకు ఆషాఢం, పుష్యం, భాద్రపదం ఖాళీ. గురు, శుక్ర మూఢాలు వస్తే మరీ కష్టం. మార్వాడీలకు దేవశయని ఏకాదశి నుంచి నాలుగు నెలలు పెళ్లిళ్లుండవు. ముస్లిం కుటుంబాలు మొహర్రంలోనూ, రంజాన్‌లోనూ ఆపేస్తాయి. అయితే వాళ్ల నెలలు మన నెలల్లాగా ఒకచోట నిలబడవు. మనకు దాదాపు మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి లెక్క సరిచేస్తుంది, వాళ్లకు అది లేదు. 2022లో, 2023లో ఆషాఢం జిల్‌హజ్ నెలతో కలిసి నడిచింది. తెలుగు పెళ్లిళ్లు ఆగిన రోజుల్లో బక్రీద్ దాటగానే నికాలు మొదలయ్యాయి. 2023లో శ్రావణం అధికమైంది. దాంతో 2024లో, 2025లో ఆషాఢమూ మొహర్రమూ ఒకేసారి వచ్చిపడ్డాయి. రెండువైపులా పని ఆగిపోయింది. కెమెరా ఈఎంఐ మాత్రం ఏ పంచాంగం చూసుకోదు. ఫుల్‌ఫ్రేమ్ బాడీ, రెండు మంచి లెన్సులు కొనాలంటే లక్షల్లో మాట. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇన్‌స్టా పేజీ తెరవడానికి ముందు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి.

క్యాలెండర్‌తో పాటు చూసుకోవాల్సింది ఇంకొకటి: ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా జరిగే నుమాయిష్ ప్రదర్శన. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు వచ్చిన ఈ జాతరకు సాయంత్రమైతే ఊరంతా ఇటే కదులుతుంది. మాఘమాసపు పెళ్లిళ్లూ అప్పుడే మొదలవుతాయి. ఆ రద్దీలో చిక్కుకోకుండా పేట తెలిసిన ఫొటోగ్రాఫర్ లైట్లు, స్టాండ్లు మధ్యాహ్నానికే హాలుకు చేరుస్తాడు.

తిరగేసి పెట్టిన కార్డు

పేరు ఎక్కడ నిలబడుతుందో చూడాలంటే ముహూర్తానికి పావుగంట ముందు పాతకాపు ఫొటోగ్రాఫర్ చేతులను గమనించండి. కెమెరాలో మెమరీ కార్డు ఇంకా నిండదు, అయినా మార్చేస్తాడు. తీసిన కార్డును లేబుల్ కిందికి పోయేలా తిరగేసి పౌచ్‌లో పెడతాడు. లేబుల్ కనపడితే ఖాళీ కార్డు, కనపడకపోతే వాడేసింది. చీకట్లోనూ, హడావిడిలోనూ పొరపాటు జరగదు. ఆ పౌచ్ బ్యాగులోకి పోదు, ప్యాంటు లోపలి జేబులోకి పోతుంది. హాళ్లలో బ్యాగులు మాయమవుతాయి. కెమెరాలో రెండు స్లాట్లూ ఒకే ఫొటోను రాసుకుంటాయి, ఒకటి చెడినా ఇంకొకటుంటుంది. తెల్లారి ఇంటికెళ్లాక నిద్ర ముంచుకొస్తున్నా రెండు డిస్కుల్లోకి కాపీ అయ్యేదాకా పడుకోడు.

జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అడ్డుతెర తొలగి ఇద్దరి చూపులు కలిసే క్షణానికి రీటేక్ లేదు. ఆ క్షణంలోనే వెనకాల కుర్చీల్లోంచి “అన్నా, జర పక్కకు జరుగు, మాకేం కనిపిస్తలేదు” అని పెద్దమ్మ అరుస్తుంది. ఆమెదీ న్యాయమైన కోపమే. కన్యాదానం చేసే తండ్రికి అడ్డంగా నిలబడి తీసిన గొప్ప ఫొటో ఎవరికి కావాలి? పొడవు లెన్సుతో పక్కనుంచి తీయడం నేర్చుకున్నవాడిని పురోహితులే మరో పెళ్లికి చెబుతారు.

పెళ్లయ్యాక అసలు పరీక్ష. వేల ఫొటోల్లోంచి ఏరాలి, రంగులు సరిచేయాలి, ఆల్బమ్ డిజైన్ పంపాలి. ఇక్కడే చాలా పేర్లు మసకబారుతున్నాయి. టీజర్ వారంలో వస్తుంది, ఎందుకంటే దాంతో కొత్త బుకింగులొస్తాయి. ఆల్బమ్ ఏడాది దాటినా రాదు. అమ్మాయికి నెలలు నిండినా పెళ్లి ఆల్బమ్ చేతికి రాని ఇళ్లున్నాయి. ఫోన్ ఎత్తరు. ఎత్తితే “ఎడిటర్ ఊరికి పోయిండు” అంటారు. డబ్బు తీసుకుని పని చేయకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది సేవాలోపం. హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నదీ ఈ పేటలోనే, ఎం.జె. రోడ్డులోని చంద్రవిహార్‌లో. ఫిర్యాదు రెండేళ్లలోపు ఇవ్వాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.

───────────────
అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితం మీద రాయించుకోవాల్సినవి
▪ ముహూర్తానికి స్వయంగా వచ్చేదెవరు? పేరుతో సహా
▪ ఎన్ని కెమెరాలు, ఎంతమంది మనుషులు
▪ ఫొటోలు ఎప్పటికి, ఆల్బమ్ ఎప్పటికి? ఆలస్యమైతే ఎంత తగ్గిస్తారు?
▪ రేటులో జీఎస్టీ కలిసి ఉందా? (ఏడాది రాబడి 20 లక్షలు దాటిన ఫొటోగ్రాఫర్ నమోదు కావాలి, సేవ మీద 18 శాతం)
▪ 250 గ్రాములు దాటిన డ్రోన్ తెస్తున్నారా? అయితే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఎవరికుంది?
───────────────

డబ్బిచ్చినవారిదే హక్కు

చాలామంది ఫొటోగ్రాఫర్లకూ తెలియని విషయమొకటి ఉంది. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవారిదే. అంటే పెళ్లివారి అనుమతి రాయించుకోకుండా వాళ్ల ఫొటోలను తన పేజీలో ప్రచారానికి పెట్టుకోవడం చట్టం దృష్టిలో బలహీనమైన పని. అదే చట్టంలో 57వ సెక్షన్ తీసినవాడికీ ఒక హక్కు మిగిల్చింది. హక్కు ఎవరికి పోయినా, ఆ ఫొటో తీసింది తానేనని చెప్పుకోవచ్చు. సెకండ్ షూటర్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

పాటల గొడవ వేరు. పెళ్లి వేడుకలో పాటలు వాయించడం ఉల్లంఘన కాదని కేంద్రం 2023 జులైలో స్పష్టం చేసింది. ఆ వెసులుబాటు మండపానికే. సినిమా పాట వేసి టీజర్‌ను నెట్‌లో పెడితే సంగీత కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు.

జనానా గుమ్మం దాటే కెమెరా

దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో చేసిన ఒక పని నాకు ఆయన తీసిన రాజప్రాసాదాలన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. పరదా పాటించే స్త్రీల కోసం ఎత్తైన గోడల మధ్య ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. అప్పటిదాకా కెమెరా ముందుకు రాని స్త్రీలు తమ రూపాన్ని నిలుపుకోగలిగారు. కుటుంబాల నమ్మకం ఉంటేగానీ ఇది సాధ్యమయ్యేది కాదు.

ఇవాళ నాంపల్లి హాళ్లలో ముస్లిం పెళ్లిళ్లకు ఆడవాళ్ల వైపు ఆ అవసరం అలాగే ఉంది. అటు మగ ఫొటోగ్రాఫర్ అడుగుపెట్టడు. ఆడపిల్లల టీము కావాలి. ఫొటోలు ఏరేదీ, సరిచేసేదీ ఆడవాళ్లే అయ్యుండాలనీ, ఆల్బమ్ పెళ్లికూతురి ఇంటివాళ్ల చేతికే ఇవ్వాలనీ, ఒక్క ఫొటో కూడా బయటికి పోకూడదనీ షరతులుంటాయి. ఈ పని చేసే అమ్మాయిలు తమ అత్యుత్తమ ఫొటోలను ఎవరికీ చూపించుకోలేరు. ఇన్‌స్టాలో వాళ్ల పేజీల్లో ఎక్కువగా కనపడేవి మెహందీ చేతులు, పూల పరదాలు, ఖాళీ సింహాసనం. అయినా వాళ్లకు పిలుపులొస్తూనే ఉంటాయి. ఒక ఇంట్లో అక్క పెళ్లి తీస్తే చెల్లి పెళ్లికి, ఆ తర్వాత మేనకోడలి పెళ్లికి వాళ్లే. ఫాలోవర్ల లెక్కతో పనిలేకుండా పేరు నిలబెట్టుకున్న ఈ అమ్మాయిల గురించి మన పత్రికలు ఇంకా ఎక్కువ రాయాలి. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్ఏఎఫ్ఏయూ) ఫొటోగ్రఫీ డిగ్రీ ఉంది. అక్కడి నుంచి వచ్చే ఆడపిల్లలకు ఇది గౌరవంగా బతకగల దారి. రాత్రి రెండింటికి హాలు నుంచి క్షేమంగా ఇల్లు చేర్చే బండి మాత్రం పెళ్లివారే పెట్టాలి. ఒప్పందంలో ఆ మాటా చేర్చాలి.

పదేళ్ల తర్వాత వచ్చే ఫోను

ప్రతి స్టూడియోకూ ఎప్పుడో ఒకప్పుడు ఒక ఫోను వస్తుంది. “అన్నా, మా పెండ్లి మీరే తీసిండ్రు. తాతయ్య పోయిండు. మంచి ఫొటో ఏమన్నా ఉంటదా?” ఆల్బమ్‌లో తాతయ్య గ్రూప్ ఫొటోలో బిగుసుకుని ఉంటాడు. ఆల్బమ్‌లోకి ఎక్కని వేల ఫొటోల్లో ఎక్కడో భోజనాల బంతిలో కూర్చుని, విస్తట్లో లడ్డూ వద్దంటూ నవ్వుతూ ఉంటాడు. ఆ ఇంటికి కావాల్సింది అది.

ఆ ఫైలు ఉంటుందా? చాలా ఒప్పందాల్లో చివరి వరస చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇన్ని నెలల తర్వాత డేటాతో మాకు సంబంధం లేదని. రెండు రోజుల పెళ్లికి, నాలుగు కెమెరాలకు కలిపి ఒక టెరాబైట్ దాకా అవుతుందనుకున్నా, ఆ డిస్క్ ఖరీదు మండపం పూల ఖర్చులో చిన్న వంతు. దీన్‌దయాళ్ గాజు పలకలను ఆయనా, ఆయన తర్వాతివారూ వందేళ్లకు పైగా పగలకుండా, తడవకుండా కాపాడుకున్నారు కాబట్టే వాటిలో 2,857 ఇవాళ మనకున్నాయి. హార్డ్ డిస్క్‌ను కాపాడటం అంతకన్నా తేలిక. వచ్చే సీజన్‌కు అడ్వాన్సులు తీసుకునే ఫొటోగ్రాఫర్లు ఆ గడువును పదేళ్లు చేసి రాయాలి. దానికోసం కొంత ఎక్కువ అడిగితే పెళ్లివారు ఇవ్వాలి.